గాదెలో గింజ ఎవరిది, షెడ్డులో పంది ఎవరిది: అమెరికా రైతులకు అందిన కరోనా సాయం లెక్క

కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వం రైతులకు ఇచ్చిన డబ్బు గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. "అడిగినవాడికల్లా లక్షల డాలర్లు పంచారట" అన్నది ఒకటి. "పెద్ద కమతాలవాళ్లే ఎగరేసుకుపోయారు, చిన్న రైతుకు మిగిలింది చిల్లర" అన్నది రెండోది. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఒకే రోడ్డు మీద ఉన్న ఇద్దరు రైతులు, ఇద్దరివీ వందేసి పశువులు, ఇద్దరికీ ధర పడిపోయింది. అయినా ఒకరికి 21,400 డాలర్లు, పక్కవాడికి 3,300 డాలర్లు వచ్చాయి. ఎందుకంటే మాత్రం ఈ రెండు మాటల్లో దేనికీ జవాబు లేదు.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో చూడాలంటే దేశం మొత్తం లెక్క కంటే ఒక పల్లెటూరి కౌంటీని (మన జిల్లా లాంటి పాలనా విభాగం) పట్టుకోవడం మేలు. అయోవా రాష్ట్రం వాయవ్య మూలన ఉన్న సూ కౌంటీని తీసుకుందాం. (ఇంగ్లిష్‌లో అయిదు అక్షరాలతో రాస్తారు, పలికేది మాత్రం 'సూ' అనే.) ఇందులో రైతుల ఉదాహరణలు ఊహించినవి. రేట్లు, తేదీలు, నిబంధనలు మాత్రం అసలువి.

కౌంటీలో ఇచ్చారు, కౌంటీ ఇవ్వలేదు

అయోవాలో 99 కౌంటీలు ఉన్నాయి. సూ కౌంటీ జనాభా 2020 లెక్కల ప్రకారం 35,872. మన దగ్గరైతే చిన్న మండలం అంత. 1870లో డచ్చి కుటుంబాలు వచ్చి స్థిరపడిన ఆరెంజ్ సిటీ దీనికి ముఖ్యపట్టణం. మొక్కజొన్న, సోయా, గొడ్లు, పందులు ఇక్కడి బతుకుదెరువు. పందుల పెంపకంలో, గొడ్ల మేపకంలో అయోవా మొత్తంలోనే ముందు వరసలో ఉండే కౌంటీ ఇది. ఇక్కడ మనుషుల కంటే పందులు ఎన్నో రెట్లు ఎక్కువ.

సాయం గురించి మాట్లాడేటప్పుడు "ఫలానా కౌంటీకి ఇంత వచ్చింది" అంటారు. దాంతో కౌంటీ ప్రభుత్వమే పంచిందేమో అనిపిస్తుంది. అలా కాదు. డబ్బు కేంద్రానిది. దరఖాస్తు తీసుకున్నది అమెరికా వ్యవసాయ శాఖ కింద పనిచేసే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. దేశంలో దానికి రెండు వేలకు పైగా స్థానిక కార్యాలయాలు ఉన్నాయి. దాదాపు ప్రతి వ్యవసాయ కౌంటీకీ ఒక ఆఫీసు, రైతులే ఓటేసి ఎన్నుకునే ఒక కమిటీ ఉంటాయి. 2020లో ఆ ఆఫీసుల తలుపులు చాలాచోట్ల మూసే ఉన్నాయి. పని ఫోన్లలో, ఈమెయిళ్లలో నడిచింది.

కౌంటీకి ప్రాధాన్యం ఉన్న పథకం అంతకు ముందు ఏడాది వచ్చింది. చైనాతో సుంకాల గొడవలో నష్టపోయిన రైతుల కోసం 2019లో ఇచ్చిన సాయంలో ఒక్కో కౌంటీకి ఒక్కో రేటు ఉండేది. ఎకరాకు 15 డాలర్ల నుంచి 150 డాలర్ల దాకా. గట్టుకు ఇవతల ఒక కౌంటీ, అవతల ఇంకో కౌంటీ అయితే పక్కపక్క చేలకు వేర్వేరు రేట్లు పడ్డాయి. కరోనా సాయంలో ఈ తేడా తీసేశారు. సరుకు ఏదైతే దానికి దేశమంతా ఒకటే రేటు. అయినా పక్కపక్క రైతుల మధ్య తేడా పోలేదు. ఈసారి ఆ తేడా వేరే దారిలో వచ్చింది.

2020 ఏప్రిల్‌లో పందికి దారి మూసుకుపోయింది

మార్చిలో హోటళ్లు, బడులు మూతపడ్డాయి. హోటళ్ల కోసం పెద్ద డ్రమ్ముల్లో నింపే పాలను ఇంటికి కొనే డబ్బాల్లోకి మళ్లించడానికి ఫ్యాక్టరీల్లో యంత్రాలు లేవు. దాంతో కొన్ని రాష్ట్రాల్లో పాలు పారబోశారు. జనం కార్లు తీయడం మానేశారు, పెట్రోలు వాడకం పడిపోయింది. అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కే పోతుంది కాబట్టి మొక్కజొన్న ధరా దిగింది.

సూ కౌంటీని గట్టిగా కుదిపింది మాత్రం కబేళాల మూత. కౌంటీకి గంట, గంటన్నర ప్రయాణ దూరంలో రెండు పెద్ద ప్లాంట్లు ఉన్నాయి. సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో స్మిత్‌ఫీల్డ్ వాళ్లది ఒకటి, మిన్నెసోటాలోని వర్దింగ్టన్‌లో జేబీఎస్ వాళ్లది ఇంకొకటి. ఒక్కోటి రోజుకు దాదాపు 20 వేల పందుల్ని కోసేది. కార్మికులకు కరోనా సోకడంతో 2020 ఏప్రిల్‌లో రెండూ ఆగిపోయాయి. ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ మాంసం ప్లాంట్లు నడవాలని ఆదేశం ఇచ్చాడు గానీ, మనుషులు లేకుండా యంత్రాలు పూర్తి వేగంతో తిరగవు.

మొక్కజొన్నకైతే గాదె ఉంది, మూడు నెలలు ఆగొచ్చు. పందికి ఆ వెసులుబాటు లేదు. పుట్టిన ఆరు నెలలకు అది అమ్మకం బరువుకు వస్తుంది. ఆ వారానికి లారీ రావాలి, షెడ్డు ఖాళీ కావాలి, వెనకే ఇంకో వెయ్యి పిల్లలు దిగాలి. లారీ రాకపోతే పంది మేత తింటూనే ఉంటుంది, బరువు పెరుగుతూనే ఉంటుంది. బరువు మరీ ఎక్కువైతే ప్లాంటు యంత్రాలకు పట్టదు, ధర కోస్తారు. కొన్నిచోట్ల రైతులు బాగున్న పందుల్నే చంపి పాతిపెట్టాల్సి వచ్చింది. ఈ ఆలస్యం తర్వాత వచ్చే లెక్కలో చాలా పెద్ద సంగతి.

సాయం ఒకటి కాదు

"కరోనా సాయం" అని గంపగుత్తగా పిలిచేదాంట్లో కనీసం నాలుగైదు వేర్వేరు పద్దులు ఉన్నాయి.

అన్నిటికంటే పెద్దది కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రాం, పొట్టిగా సీఎఫ్ఏపీ. రైతుకు నేరుగా డబ్బు ఇచ్చింది ఇదే. మొదటి విడతను 2020 ఏప్రిల్ 17న అప్పటి వ్యవసాయ మంత్రి సానీ పెర్డ్యూ ప్రకటించాడు. 1,600 కోట్ల డాలర్లు రైతులకు నగదుగా, ఇంకో 300 కోట్లు పాలు, మాంసం, కూరగాయలు కొని పేదలకు పంచడానికి. అప్పట్లో డాలరు సుమారు 75 రూపాయలు. రెండో విడత సెప్టెంబర్‌లో వచ్చింది. రెండూ కలిపి 2020 నష్టాల కింద ఇచ్చింది దాదాపు 3,100 కోట్ల డాలర్లు.

మొదటి విడత 1,600 కోట్లు రెండు జేబుల్లోంచి వచ్చాయి. కరోనా ఊరట కోసం తెచ్చిన, మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టం నుంచి 950 కోట్లు. 1933లో పుట్టి, ఇప్పుడు వ్యవసాయ శాఖ చేతిలో ఉన్న కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ నుంచి 650 కోట్లు. ఇది గుమస్తాలకు మాత్రమే పనికొచ్చే వివరం అనిపించొచ్చు. కాదు. ఏ సరుకుకు ఏ జేబులోంచి, ఏ తేదీల మధ్య ఇచ్చారన్నదే చాలామంది రైతుల చెక్కు సైజును తేల్చింది.

రెండో రకం పీపీపీ. ఇది చిన్న వ్యాపారాల జీతాల అప్పు. నిబంధనల ప్రకారం ఖర్చుపెడితే మాఫీ. మొదట్లో సొంతంగా సేద్యం చేసుకునే రైతుకు నికర లాభాన్ని బట్టి ఇచ్చారు. ట్రాక్టరు తరుగుదల, ఎరువులు, అన్నీ తీసేసి పన్ను పత్రంలో నష్టం చూపించే అలవాటున్న రైతుకు ఏమీ రాలేదు. 2020 డిసెంబర్ చట్టం దాన్ని స్థూల ఆదాయానికి మార్చింది. అప్పుడు పనివాళ్లు లేని రైతుకు కూడా గరిష్ఠంగా 20,833 డాలర్ల దాకా వచ్చే వీలు కలిగింది. వీటికి తోడు విపత్తు రుణాలు ఉన్నాయి, రాష్ట్రం ఇచ్చిన గ్రాంట్లు ఉన్నాయి. అయోవా తన వాటా కేంద్ర నిధుల్లోంచి పశువుల రైతులకు 10,000 డాలర్ల దాకా ఇచ్చింది. పంట బీమా వీటన్నిటికీ వేరు, అది ఎప్పుడూ ఉండేదే.

ఈ వ్యాసం ఇకపై ఎక్కువగా సీఎఫ్ఏపీ గురించే.

మొక్కజొన్న లెక్క: జనవరి 15న గాదెలో ఏముంది?

మొదటి విడత పథకం అడిగిన ప్రశ్న "నీకు ఎంత కష్టం వచ్చింది?" అని కాదు. "ధర పడుతున్న రోజుల్లో ఆ సరుకు నీ చేతిలో ఉందా?" అని. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్యకు ధర 5 శాతం గానీ ఆపైన గానీ తగ్గిన సరుకుల్నే ప్రధానంగా లెక్కలోకి తీసుకున్నారు.

మొక్కజొన్నను అక్కడ బుషెళ్లలో కొలుస్తారు. ఒక బుషెల్ మొక్కజొన్న 25 కిలోల పైచిలుకు. నాలుగు బుషెళ్లు మన క్వింటాలుకు కాస్త ఎక్కువ.

ఒక రైతు 2019లో 60,000 బుషెళ్లు పండించాడనుకుందాం. 2020 జనవరి 15 నాటికి అమ్మకుండా, ధర ఖాయం చేసుకోకుండా 40,000 బుషెళ్లు గాదెల్లో ఉన్నాయి. నిబంధన ఏమిటంటే, మొత్తం దిగుబడిలో సగం, లేదా ఆ రోజు మిగిలిన నిల్వ, ఏది తక్కువైతే అదే లెక్క. సగం దిగుబడి 30,000. అదే తక్కువ. కాబట్టి లెక్కలోకి వచ్చేది 30,000 బుషెళ్లే. ఇందులో సగానికి కేర్స్ చట్టం రేటు 32 సెంట్లు, సగానికి కార్పొరేషన్ రేటు 35 సెంట్లు. సగటున బుషెల్‌కు 33.5 సెంట్లు. మొత్తం 10,050 డాలర్లు.

అతని తమ్ముడిదీ అంతే దిగుబడి. కానీ కోత అవగానే నవంబర్‌లో మొత్తం అమ్మేశాడు. అతనికి మొక్కజొన్న కింద మొదటి విడతలో సున్నా. ఇంకొకడి గింజ గాదెలోనే ఉంది గానీ డిసెంబర్‌లోనే ఎలివేటర్‌తో (గింజ కొని నిల్వచేసే సంస్థతో) ధర రాసుకున్నాడు. అతనికీ సున్నా. వీళ్లకు అన్యాయం జరిగిందా అంటే, పథకం తర్కం ప్రకారం లేదు. ధర పడేసరికి ఆ గింజ మీద వాళ్లకు నష్టభయం లేదు. ముందుచూపుతో అమ్ముకున్నవాడికి పథకం ఏమీ ఇవ్వలేదు, ధర పెరుగుతుందని ఆగినవాడికి ఇచ్చింది అని కోపగించుకున్నవాళ్లూ ఉన్నారు. అదీ కాదనలేని మాటే.

గొడ్ల లెక్క: ఏప్రిల్ 15కు ఇటా, అటా

మొదట చెప్పిన ఇద్దరు రైతులు ఇక్కడ వస్తారు. ఇద్దరి దగ్గరా మేపి బలిపించి కబేళాకు సిద్ధం చేసిన గొడ్లు వందేసి.

మొదటివాడు ఏప్రిల్ 10న వందా అమ్మాడు. జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 మధ్య అమ్మిన ఇలాంటి పశువుకు కేర్స్ నిధి నుంచి తలకు 214 డాలర్లు. వందకు 21,400.

రెండోవాడికి ప్లాంటు తేదీ దొరకలేదు. గొడ్లు దొడ్లోనే ఉండిపోయాయి. ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య దొడ్లో ఉన్న పశువుకు ఇచ్చింది కార్పొరేషన్ నిధి నుంచి. రేటు తలకు 33 డాలర్లు. వందకు 3,300.

విచిత్రం ఏమిటంటే ప్లాంట్లు వరసగా ఆగి, గొడ్లు అమ్ముడుపోక రైతులు ఎక్కువ అవస్థపడింది ఏప్రిల్ 15 తర్వాతే. అంటే ఎక్కువ దెబ్బతిన్నవాడి చెక్కు చిన్నది. దీనికి కారణం ఎవరి దురుద్దేశమో కాదు. జరిగిపోయిన నష్టానికి ఒక జేబు, జరగబోయే నష్టానికి ఇంకో జేబు అని విడదీశారు. రెండో జేబులో ఉన్నది తక్కువ, దాన్ని పంచాల్సింది ఎక్కువ పశువులకు. పైగా రేట్లు కట్టేనాటికి ప్లాంట్ల మూత ఎంత కాలం సాగుతుందో ఎవరికీ అంచనా లేదు.

ఈ పొరపాటును కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) 2020 డిసెంబర్ చట్టంతో కొంత సరిచేసింది. దొడ్లో ఉన్న ఆ రకం పశువుకు తలకు ఇంకో 63 డాలర్లు చేర్చారు. ప్రభుత్వం మారడం, మధ్యలో సమీక్ష కోసం ఆపడం వల్ల డబ్బు చేతికి వచ్చింది 2021 వసంతంలో. రెండోవాడి మొత్తం 9,600 అయింది. ఇంకా సగం కూడా కాదు. రెండో విడతలో ఇద్దరికీ తలకు 55 డాలర్ల రేటు ఒకేలా వర్తించింది. ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 మధ్య రైతు ఎంచుకున్న రోజున దొడ్లో ఎన్ని ఉంటే అన్నిటికి.

పందుల లెక్క: షెడ్డు నాది, పంది కంపెనీది

సూ కౌంటీలాంటి చోట అసలు చిక్కు ఇది. మన దగ్గర కోళ్ల ఫారాలు పెట్టినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఇంటిగ్రేషన్‌లో పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. చేతికి వచ్చేది గ్రోయింగ్ చార్జీ. అమెరికా పందుల పెంపకంలో చాలా భాగం అలాగే నడుస్తుంది.

రోడ్డుకు ఒక పక్క సొంత పందుల రైతు ఉన్నాడనుకుందాం. జనవరి 15, ఏప్రిల్ 15 మధ్య పెద్ద పందులు 4,000 అమ్మాడు. తలకు 18 డాలర్ల చొప్పున 72,000. ఆ తర్వాతి నెలలో షెడ్లలో ఉన్నవి 12,000. తలకు 17 చొప్పున 2,04,000. మొత్తం 2,76,000 డాలర్లు. కానీ ఒక మనిషికి గరిష్ఠం 2,50,000. పై 26,000 పోయాయి. అదే అతను భార్య, కొడుకుతో కలిసి కంపెనీగా నమోదై ఉంటే, ముగ్గురూ ఏడాదికి 400 గంటలు చొప్పున పనో అజమాయిషీయో చేసినట్టు చూపిస్తే, పరిమితి 7,50,000 అవుతుంది. అప్పుడు పూర్తి 2,76,000 వస్తుంది.

రోడ్డుకు అటు పక్క 2,400 పందులు పట్టే షెడ్డు ఉంది. రైతు దాన్ని బ్యాంకు అప్పుతో కట్టాడు. పందులు కంపెనీవి. ప్లాంటు ఆగింది, కంపెనీ కొత్త పిల్లల్ని దించడం ఆపింది, షెడ్డు ఖాళీ. గ్రోయింగ్ చార్జీ లేదు, బ్యాంకు కిస్తీ మాత్రం ఉంది. సీఎఫ్ఏపీ మొదటి విడతలో అతనికి సున్నా. రెండో విడతలోనూ మొదట సున్నానే. పంది ధర పడితే నష్టం పంది యజమానిది, నీది కాదు కదా అన్నది నిబంధన. మాటగా తప్పు పట్టలేం. కానీ నెల తిరిగితే కిస్తీ కట్టాల్సినవాడికి ఈ తర్కం వినిపించి చూడండి.

కాంట్రాక్టు రైతుల్ని చేర్చుకోవడానికి 2020 డిసెంబర్ చట్టం దారి తెరిచింది. 2021 ఆగస్టులో నిబంధనలు ఖరారయ్యాయి. 2019తో గానీ 2018తో గానీ పోల్చి 2020లో తగ్గిన ఆదాయంలో 80 శాతం దాకా ఇస్తామన్నారు. అంటే షెడ్డు ఖాళీ అయిన ఏడాదికి పైగా తర్వాత. గమనించాల్సింది, ఇక్కడ లెక్క కట్టే పద్ధతే మారింది. మిగతావాళ్లకు సరుకుకు ఇంత అని ఇచ్చారు. కాంట్రాక్టు రైతుకు మాత్రం నిజంగా ఆదాయం ఎంత తగ్గిందో చూపించమన్నారు. చంపాల్సి వచ్చిన పశువులకు వేరే పథకం 2021 జులైలో వచ్చింది. మార్కెట్ ధర విలువలో 80 శాతం ఇచ్చారు.

రెండో విడతలో మారిన కొలబద్ద

2020 సెప్టెంబర్ 21న దరఖాస్తులు మొదలైన రెండో విడతలో మొక్కజొన్న రైతుకు గాదె లెక్క పోయి ఎకరం లెక్క వచ్చింది. ఎకరాలు, దిగుబడి, అందులో మార్కెట్‌కు పోయే వాటాగా పెట్టిన 40 శాతం, బుషెల్‌కు 58 సెంట్లు. ఇవన్నీ గుణించాలి. 300 ఎకరాలు, ఎకరాకు 180 బుషెళ్లు అనుకుంటే ఎకరాకు 41.76 డాలర్లు, మొత్తం 12,528. తర్వాత డిసెంబర్ చట్టం ఎకరాకు ఇంకో 20 చేర్చింది. అది 6,000. నవంబర్‌లోనే అమ్ముకుని మొదట సున్నా తెచ్చుకున్న తమ్ముడికి కూడా ఈసారి అన్నతో సమానంగా వచ్చింది.

కూరగాయలు, పూలు వంటివాటికి ఇంకో దారి. 2019 అమ్మకాల్లో శాతం. మొదటి 50,000 డాలర్ల దాకా 10.6 శాతం, ఆ పైన లక్ష దాకా 9.9, ఆ పైన 9.7, అలా తగ్గుతూ పోతుంది. 40,000 డాలర్ల కూరగాయలు అమ్మినవాడికి 4,240. 1,20,000 అమ్మినవాడికి 5,300, 4,950, 1,940 కలిపి 12,190. వారాంతపు సంతలో అమ్మే చిన్న రైతుకు మొదటి విడత కంటే ఇది సుళువైన లెక్క. 2020లో అతని అమ్మకాలు నిజంగా తగ్గాయా లేదా అని మాత్రం ఈ లెక్క అడగదు. ఇంటి దగ్గరే కూరగాయలు కొనే గిరాకీ పెరిగి ఆ ఏడాది ఎక్కువ అమ్ముకున్నా ఇదే వస్తుంది.

భూమి యజమానికా, కౌలు రైతుకా?

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న అడగకుండా ఎవరూ ఉండరు. తెలంగాణ రైతుబంధు అదే కాలంలో పట్టాదారు పాసుపుస్తకం చూసి ఎకరాకు సీజనుకు 5,000 రూపాయలు ఇచ్చింది. దున్నేది ఎవరని చూడలేదు. సీఎఫ్ఏపీ పట్టా అడగలేదు. పంటలో వాటా ఎవరిది, ఆ వాటా మీద ధర నష్టభయం ఎవరిది అని చూసింది. రొక్కం కౌలుకు ఇచ్చిన భూస్వామికి హక్కు లేదు, మొత్తం కౌలు రైతుదే. పాలుకు ఇచ్చి పంటలో సగం తీసుకునే యజమాని మాత్రం తన సగానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కాగితం మీద కౌలు రైతుకు ఇది మేలు. అయితే వచ్చే ఏడాది కౌలు మాట్లాడుకునేటప్పుడు యజమానికి కూడా ఈ సాయం సంగతి తెలుసు. సాయం డబ్బులో కొంత కౌలు పెంపు రూపంలో భూమి యజమానికే చేరుతుందన్నది అక్కడి వ్యవసాయ ఆర్థికవేత్తల్లో పాత చర్చ.

ఎక్కువ ఇచ్చారా, తప్పు చేతికి ఇచ్చారా?

విమర్శకుల మొదటి మాట, అవసరం కంటే ఎక్కువ ఇచ్చారని. 2020లో అన్ని పద్దులూ కలిపి రైతులకు ప్రభుత్వం ఇచ్చింది 4,500 కోట్ల డాలర్లు దాటింది. అదొక రికార్డు. ఆ ఏడాది నికర వ్యవసాయ ఆదాయంలో మూడో వంతుకు పైనే. ఆదాయం మొత్తం మీద ముందు ఏడాది కంటే పెరిగింది కూడా. పైగా 2020 ఆగస్టులో బుషెల్ 3 డాలర్ల పైచిలుకు ఉన్న మొక్కజొన్న, చైనా కొనుగోళ్లు పెరగడం వంటి కారణాలతో 2021 జనవరికి 5 డాలర్లు దాటింది. పంటకు సాయమూ వచ్చింది, మంచి ధరా వచ్చింది.

సమర్థకుల జవాబు: సెప్టెంబర్‌లో రేటు కట్టేటప్పుడు జనవరి ధర ఎవరికి తెలుసు? రైతుకు విత్తనం అప్పు తీర్చాల్సింది ఆ నెలలో, ధర పెరిగాక కాదు. దేశం సగటు పెరిగింది కాబట్టి ఖాళీ షెడ్డు రైతు ఆదాయం పెరిగినట్టు కాదు. ఈ చివరి మాట బలమైనదే. కానీ ఖాళీ షెడ్డు రైతుకే ముందుగా ఇవ్వలేదన్నది కూడా దాని పక్కనే చూడాలి.

రెండోది పెద్ద, చిన్న తేడా. తలకు ఇంత, బుషెల్‌కు ఇంత అని ఇస్తే ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ పోతుంది. ఇది లెక్కలోనే ఉంది. నష్టానికి పరిహారం అనుకుంటే అది న్యాయం, బతుకు ఆసరా అనుకుంటే అన్యాయం. 2,50,000 పరిమితి, మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే అనర్హత అనే నిబంధన కొంత అడ్డుకట్ట. కానీ ఆదాయంలో 75 శాతం వ్యవసాయం నుంచే అయితే ఆ అనర్హత వర్తించదు.

మూడోది జాతి వివక్ష చర్చ. నల్లజాతి రైతులకు ఈ సాయంలో దక్కింది 0.1 శాతమే అని 2021లో వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ అన్నాడు. వాళ్లు మొత్తం రైతుల్లో ఒక శాతం పైచిలుకు. పథకం రంగు చూడలేదు, సరుకు చూసింది, వాళ్ల అమ్మకాలు తక్కువ అని ఒక వాదన. ఆ అమ్మకాలు ఎందుకు తక్కువ, దశాబ్దాలుగా అప్పులివ్వకుండా, భూములు పోగొట్టుకునేలా చేసింది ఎవరు అన్నది జవాబు. 2021 మార్చి చట్టంలో అలాంటి రైతుల ప్రభుత్వ అప్పులకు 120 శాతం దాకా తీర్చే ఏర్పాటు పెట్టారు. తెల్లజాతి రైతులు కోర్టుకెళ్లారు. జూన్‌లో కోర్టులు ఆపేశాయి. 2022 ఆగస్టులో కాంగ్రెస్ దాన్ని రద్దు చేసి, అప్పుల్లో చిక్కుకున్నవారికి, వివక్షకు గురైనవారికి జాతి ప్రస్తావన లేకుండా వేరే నిధులు పెట్టింది.

ఇక మోసం మాట. దరఖాస్తు రోజున రైతు "నా దగ్గర ఇన్ని ఉన్నాయి" అని సంతకం పెడితే చాలు, రుజువులు తర్వాత అడిగితే చూపాలి. డబ్బు త్వరగా అందింది అందుకే. ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక, ఈ చెల్లింపుల పరిశీలన ఇంకా గట్టిగా ఉండాల్సిందని తేల్చింది.

కౌంటీ మొత్తం అంకెలో ఏం దాగుంటుంది

"మా కౌంటీకి ఇన్ని కోట్ల డాలర్లు వచ్చాయి" అన్న అంకె కనిపిస్తే ముందు అది ఏ పద్దుదో చూడాలి. సీఎఫ్ఏపీ మాత్రమేనా, అంతకు ముందటి సుంకాల సాయం, పీపీపీ కలిపారా? సీఎఫ్ఏపీ డబ్బు మీద రైతు ఆదాయపు పన్ను కట్టాలి, మాఫీ అయిన పీపీపీ మీద కేంద్రానికి పన్ను లేదు. కాబట్టి రెండు పద్దుల్లోని లక్ష డాలర్లు రైతు చేతిలో మిగిలేసరికి ఒకటి కావు.

రెండోది, ఆ అంకె భూమి ఉన్న కౌంటీదా, చెక్కు వెళ్లిన చిరునామాదా? సూ కౌంటీలో పాలుకు పొలం ఇచ్చి, తాను రాష్ట్రం సరిహద్దు దాటి సూ ఫాల్స్‌లో ఉంటున్న యజమాని ఉన్నాడనుకుందాం. 300 ఎకరాల మొక్కజొన్నలో అతని సగం వాటాకు రెండో విడత, ఆ తర్వాతి 20 డాలర్లు కలిపి 9,264 వస్తాయి. చిరునామా ప్రకారం వేసిన పట్టికలో ఇది సౌత్ డకోటా ఖాతాలో పడుతుంది. పొలం, పంట, దున్నిన ట్రాక్టరు అన్నీ అయోవాలోనే ఉన్నా సరే. 2,400 పందుల షెడ్డు రైతు ఊళ్లోనే ఉన్నాడు. 2020 డిసెంబర్ దాకా తీసిన ఏ సీఎఫ్ఏపీ పట్టికలోనూ పందుల కింద అతని పేరు ఉండదు.